డాక్టర్ రెడ్డీస్ షేరు ధర ఎంత? ఒక్క ప్రశ్నకు ఐదారు జవాబులు

ఫోన్‌లో డాక్టర్ రెడ్డీస్ షేరు ధర వెతకండి. గూగుల్ ఒక అంకె చూపిస్తుంది, బ్రోకర్ యాప్ ఇంకో అంకె, యాహూ ఫైనాన్స్ మరొకటి. ఒక్కోసారి రూపాయల్లో కాకుండా డాలర్లలో వస్తుంది. ఇవేవీ అబద్ధాలు కావు. ఏ ఎక్స్ఛేంజీలో, ఎన్ని గంటలకు, ఏ లెక్కన వచ్చిన ధర అన్నదే తేడా. ఈ మూడూ తెలియకుండా చూసే అంకె మీద నిర్ణయం తీసుకుంటేనే చిక్కు.

ముందు సరైన షేరును పట్టుకోవాలి

మన దేశంలో రెండు పెద్ద ఎక్స్ఛేంజీలు ఉన్నాయి. 1875లో పుట్టిన బీఎస్ఈ ఒకటి, 1994లో ట్రేడింగ్ మొదలుపెట్టిన ఎన్ఎస్ఈ మరొకటి. పెద్ద కంపెనీల షేర్లు రెండింటిలోనూ నడుస్తాయి. ధరల్లో తేడా మామూలుగా పైసల్లోనే ఉంటుంది. కొనుగోళ్లు, అమ్మకాలు ఎక్కువగా జరిగేది ఎన్ఎస్ఈలో కాబట్టి ధర కోసం ముందు అక్కడే చూడటం మేలు. కొన్ని చిన్న కంపెనీలు మాత్రం బీఎస్ఈలోనే ఉంటాయి.

ఎన్ఎస్ఈలో ప్రతి షేరుకూ అక్షరాలతో కూడిన సింబల్ ఉంటుంది. డాక్టర్ రెడ్డీస్‌ది డి, ఆర్, ఆ వెంటనే రెడ్డి. మధ్యలో ఖాళీ పెట్టకూడదు. బీఎస్ఈలో ఆరంకెల కోడ్ ఉంటుంది. డాక్టర్ రెడ్డీస్‌కు 500124, దివీస్‌కు 532488, రిలయన్స్ ఇండస్ట్రీస్‌కు 500325. యాహూలో వెతికేటప్పుడు సింబల్ చివర చుక్క పెట్టి ఎన్ఎస్ అని రాస్తే ఎన్ఎస్ఈ ధర, బీఓ అని రాస్తే బీఎస్ఈ ధర వస్తాయి.

ఈ చివరి అక్షరాలు మరిచిపోతే ఏమవుతుందో ఇన్ఫోసిస్ విషయంలో చూడొచ్చు. ముంబైలోనూ న్యూయార్క్‌లోనూ దాని సింబల్ ఒకటే, ఐఎన్ఎఫ్‌వై. అవే నాలుగక్షరాలు ఒట్టిగా కొడితే న్యూయార్క్ ధర డాలర్లలో కనిపిస్తుంది. డాక్టర్ రెడ్డీస్ కూడా అక్కడ ఆర్‌డీవై పేరుతో ఉంది. అమెరికాలో ఉన్నవాళ్ల ఫోన్లలో గూగుల్ చాలాసార్లు ఆ ధరనే ముందు పెడుతుంది. దాన్ని ఆనాటి డాలరు రేటుతో గుణించి ఇక్కడి ధరతో పోల్చినా అచ్చం సరిపోదు. ఆ మార్కెట్ తెరిచేది మన మార్కెట్ మూసేశాక కదా.

పేర్లతోనూ జాగ్రత్త అవసరం. రిలయన్స్ అని కొడితే రిలయన్స్ ఇండస్ట్రీస్‌తో పాటు రిలయన్స్ పవర్, రిలయన్స్ ఇన్‌ఫ్రా కూడా వస్తాయి. ఈ రెండూ వేరే గ్రూపువి. టాటా మోటార్స్ 2025 అక్టోబరులో రెండుగా విడిపోయింది. కార్ల కంపెనీ టీఎంపీవీ సింబల్‌తోనూ, లారీల కంపెనీ టీఎంసీవీ సింబల్‌తోనూ నడుస్తున్నాయి. టాటా మోటార్స్ అనే పాత పేరు ఇప్పుడు లారీల కంపెనీది. అనుమానం వస్తే ఐసిన్ నంబరు చూడండి. అది పన్నెండు అక్షరాలు, అంకెలు కలిసిన గుర్తింపు సంఖ్య, మన కంపెనీల షేర్లకు ఐఎన్ఈతో మొదలవుతుంది. మీ డీమ్యాట్ (షేర్లు ఉండే ఖాతా) స్టేట్‌మెంట్‌లో ఉన్నదీ ఎక్స్ఛేంజీ సైట్‌లో ఉన్నదీ ఒకటైతే షేరు అదే. షేరు ముఖ విలువ, అంటే షేరు మీద కంపెనీ రాసుకున్న విలువ, మారినప్పుడు ఐసిన్ కూడా మారుతుంది కాబట్టి పాత కాగితం పట్టుకుని పోల్చవద్దు.

గడియారం చూసి ధర చదవాలి

మార్కెట్ ఉదయం 9:15కు మొదలై మధ్యాహ్నం 3:30కు ముగుస్తుంది. అంతకుముందు 9 నుంచి 9:15 దాకా ప్రీ ఓపెన్ ఉంటుంది. అందులో మొదటి ఏడెనిమిది నిమిషాలు ఆర్డర్లు తీసుకుంటారు, తర్వాత అన్నిటినీ ఒకేసారి జతచేసి ఎక్కువ షేర్లు చేతులు మారే ఒక ధర తేలుస్తారు. తెరపై ఓపెన్ అని కనిపించేది ఆ ధరే. 9:05కు కనిపించే అంకె అంచనా మాత్రమే. అది చూసి కంగారు పడి మార్కెట్ ఆర్డర్, అంటే ఎంతకు దొరికితే అంతకే కొనే లేదా అమ్మే ఆర్డర్, పెట్టకండి.

డాలస్‌లో ఉండి చూసేవాళ్లకు వేసవి గడియారం ప్రకారం మన మార్కెట్ రాత్రి 10:45కు తెరుచుకుని తెల్లవారుజామున 5కు మూతపడుతుంది. చలికాలంలో రాత్రి 9:45కే తెరుచుకుని తెల్లవారుజామున 4కే మూతపడుతుంది. శని, ఆదివారాలు సెలవు. బడ్జెట్ రోజు శనివారమైనా తెరిచిన సందర్భం ఉంది, 2025 ఫిబ్రవరి 1న అలాగే జరిగింది. దీపావళి నాడు ముహూరత్ ట్రేడింగ్ పేరుతో ఒక గంట నడుస్తుంది. సెలవు రోజున యాప్ తెరిస్తే కనిపించేది క్రితం పనిరోజు ధర. ఏదో కదిలినట్టు అనిపిస్తే అది బహుశా గిఫ్ట్ నిఫ్టీ. నిఫ్టీ అంటే ఎన్ఎస్ఈలోని 50 పెద్ద షేర్ల సూచీ. దాని మీద గుజరాత్ గిఫ్ట్ సిటీలో నడిచే ఆ ఫ్యూచర్స్ (ముందు తేదీకి ఇప్పుడే ధర కుదుర్చుకునే ఒప్పందాలు) ఉదయం 6:30 నుంచి మర్నాడు తెల్లవారుజామున 2:45 దాకా, సాయంత్రం ఒక చిన్న విరామంతో, కదులుతూనే ఉంటాయి. నిఫ్టీ ఎలా మొదలవుతుందో దాన్నిబట్టి అంచనా వేస్తారు గానీ నిఫ్టీ వేరు, అది వేరు.

ధర పక్కన సమయం రాసి లేని పేజీని నమ్మకండి. బ్రోకర్ యాప్‌లో ధర ఎప్పటికప్పుడు మారుతుంది. ఎన్ఎస్ఈ, బీఎస్ఈ సైట్లలో కూడా దాదాపు అంతే, కాకపోతే పేజీని రిఫ్రెష్ చేయాల్సి రావచ్చు. గూగుల్ షీట్స్‌లో గూగుల్‌ఫైనాన్స్ ఫార్ములాతో ధర తెప్పించుకునే వీలుంది. ఫార్ములాలో ఎన్ఎస్ఈ అని రాసి, కోలన్ పెట్టి, సింబల్ రాయాలి. అయితే అది 20 నిమిషాల వరకు ఆలస్యం కావచ్చని గూగులే చెబుతుంది. మీ షేర్ల మొత్తం విలువ చూసుకోవడానికి అది చక్కగా సరిపోతుంది. ఆ అంకె చూసి ఆర్డర్ పెట్టడం మాత్రం నిన్నటి పేపర్ చూసి ఇవాళ రైలెక్కడం లాంటిది.

ఎల్‌టీపీ, క్లోజ్, శాతం

ఎల్‌టీపీ అంటే ఆఖరున జరిగిన లావాదేవీ ధర. ఒక్క షేరు చేతులు మారినా ఎల్‌టీపీ మారుతుంది. ముగింపు ధర అలా కాదు. ఏళ్ల తరబడి నడుస్తున్న లెక్క ప్రకారం ఆఖరి అరగంటలో, అంటే 3 నుంచి 3:30 దాకా జరిగిన లావాదేవీలన్నిటి సగటు అది. ఏ ధరకు ఎన్ని షేర్లు మారాయన్నదాన్ని బట్టి ఆ సగటు తీస్తారు. 3:30కు తెరపై 1,252 కనిపించి, కాసేపటికి అది 1,248.60 అయిందనుకోండి. మార్కెట్ మూశాక ధర ఎవరు మార్చారన్న అనుమానం వద్దు. ఆఖరి లావాదేవీ 1,252కు జరిగింది, అరగంట సగటు 1,248.60 వచ్చింది, అంతే. మర్నాడు శాతం లెక్కించేది ఈ రెండో అంకె మీదే.

శాతం దగ్గర చాలామంది పొరబడతారు. పచ్చగానో ఎర్రగానో కనిపించే శాతం క్రితం ముగింపుతో పోల్చి ఇచ్చేది, ఇవాళ్టి ఓపెన్‌తో కాదు. క్రితం ముగింపు 1,240, ఇవాళ ఓపెన్ 1,265, ఇప్పుడు ధర 1,252 అనుకుందాం. తెరపై 0.97 శాతం లాభమని పచ్చగా ఉంటుంది. ఓపెన్‌లో కొన్నవాడు మాత్రం అప్పటికే 1 శాతానికి పైగా నష్టంలో ఉంటాడు. రోజంతా షేరు ఎటు నడిచిందో తెలియాలంటే ఓపెన్, ఎక్కువ, తక్కువ, వీవ్యాప్ అనే నాలుగు అంకెలూ కలిపి చూడాలి. వీవ్యాప్ అంటే ఆ రోజు మొత్తం లావాదేవీల సగటు ధర. ధర దానికి పైన ఉంటే ఆ రోజు కొన్నవాళ్లు సగటున లాభంలో ఉన్నారని అర్థం.

కొనబోయేవాళ్లు చూడాల్సింది ఆర్డర్ బుక్

ఎన్ఎస్ఈ సైట్‌లో కంపెనీ పేజీ తెరిస్తే ధర కింద ఆర్డర్ బుక్ ఉంటుంది. బ్రోకర్ యాప్‌లో దాన్ని మార్కెట్ డెప్త్ అంటారు. ఎడమవైపు కొనేవాళ్ల ఐదు ధరలు, కుడివైపు అమ్మేవాళ్ల ఐదు ధరలు, ఒక్కో ధర దగ్గర ఎన్ని షేర్లున్నాయో ఆ సంఖ్య ఉంటాయి. పెద్ద షేరులో రెండు వైపులకూ మధ్య తేడా పైసల్లో ఉంటుంది. చిన్న కంపెనీలో అలా ఉండదు. కొనేవాళ్లు 42.10 దగ్గర, అమ్మేవాళ్లు 43.60 దగ్గర, అదీ 40 షేర్లతో నిలబడి ఉన్నారనుకోండి. తర్వాతి అమ్మకందారు 44.50 దగ్గర ఉన్నాడు. ఎల్‌టీపీ 42.50 కదా అని 500 షేర్లకు మార్కెట్ ఆర్డర్ పెడితే మొదటి 40 మాత్రమే 43.60కి దొరుకుతాయి. మిగతావి పై ధరలు ఎక్కుతూ పోతాయి. చూసిన ధర ఒకటి, పడిన ధర ఒకటి అని తర్వాత తిట్టుకునేది ఇందుకే. ఇలాంటి షేర్లకు లిమిట్ ఆర్డరే, అంటే ఇంతకు మించి కొననని ధర చెప్పే ఆర్డరే, పెట్టాలి.

లిమిట్ ఆర్డర్ పెడుతుంటే యాప్ తిరస్కరిస్తోందా? టిక్ సైజు, అంటే ధర కదిలే కనీస మెట్టు, చూసుకోండి. 2025 ఏప్రిల్ 15 నుంచి ఎన్ఎస్ఈలో 250 రూపాయల లోపు షేర్లు ఒక పైసా చొప్పున కదులుతాయి. 250 నుంచి 1,000 దాకా 5 పైసలు, 1,000 నుంచి 5,000 దాకా 10 పైసలు, 5,000 నుంచి 10,000 దాకా 50 పైసలు, 20,000 దాకా రూపాయి, ఆ పైన 5 రూపాయలు. కాబట్టి 1,250.05కు ఆర్డర్ వెళ్లదు, 1,250 గానీ 1,250.10 గానీ పెట్టాలి. షేరు ఏ వరుసలోకి వస్తుందో నెల చివరి ట్రేడింగ్ రోజు ముగింపు ధరను బట్టి తేలుస్తారు. అందుకే నెల మధ్యలో ధర 1,000 దాటినా టిక్ వెంటనే మారదు.

కుడివైపు అమ్మేవాళ్ల వరుస పూర్తిగా ఖాళీగా ఉంటే షేరు అప్పర్ సర్క్యూట్‌లో ఉన్నట్టు. ఎడమవైపు ఖాళీ అయితే లోయర్ సర్క్యూట్. ఒక్కో షేరు క్రితం ముగింపు నుంచి రోజుకు 2, 5, 10 లేదా 20 శాతానికి మించి కదలకుండా ఎక్స్ఛేంజీ పరిమితి పెడుతుంది. ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఉన్న డాక్టర్ రెడ్డీస్ లాంటి షేర్లకు ఆ స్థిర పరిమితి లేదు. వాటి పేజీలో నో బ్యాండ్ అని ఉంటుంది. వాటికి 10 శాతం దగ్గర ఒక గట్టు ఉంటుంది, ట్రేడింగ్ గట్టిగా జరుగుతుంటే దాన్ని జరుపుతారు. రోజూ 5 శాతం చొప్పున పెరుగుతున్న షేరు తెరపై భలే అందంగా కనిపిస్తుంది. కానీ ఆ ధరకు మీకు దొరకదు. తిరగబడి రోజుకు 5 శాతం పడుతున్నప్పుడు అమ్ముదామంటే కొనేవాడు ఉండడు.

సూచీలకూ సర్క్యూట్లున్నాయి. సెన్సెక్స్ గానీ నిఫ్టీ గానీ 10, 15, 20 శాతం కదిలితే మొత్తం మార్కెట్ ఆగుతుంది. మధ్యాహ్నం 1 లోపు 10 శాతం కదిలితే 45 నిమిషాలు విరామం. 2020 మార్చి 13న, మళ్లీ 23న ఇలాగే ఆగింది. అలాంటప్పుడు యాప్‌లో ధర కదలకపోతే నెట్ పోయిందనుకుని ఫోన్ రీస్టార్ట్ చేయనక్కర్లేదు.

ధర పక్కనే ఉండే సిరీస్ అక్షరాలు కూడా చదవండి. ఎన్ఎస్ఈలో ఈక్యూ అంటే మామూలు షేరు. బీఈ అని ఉంటే ఇవాళ కొని ఇవాళే అమ్మడం కుదరదు, తప్పనిసరిగా డెలివరీ తీసుకోవాలి, అంటే షేర్లు మీ ఖాతాలోకి రావాలి. ఎస్‌ఎం అంటే చిన్న కంపెనీల వేదిక. అక్కడ ఒకటీ రెండూ కాకుండా లాట్ల (నిర్ణీత సంఖ్యలో షేర్ల కట్టల) చొప్పున కొనాలి. ఏఎస్‌ఎం, జీఎస్‌ఎం అన్న గుర్తులుంటే ఆ షేరు నిఘాలో ఉన్నట్టు.

వాల్యూమ్ అంటే ఎన్ని షేర్లు చేతులు మారాయన్న లెక్క. అందులో ఎక్కువ భాగం అదే రోజు కొని అమ్మేసినవే అయ్యుండొచ్చు. 10 లక్షల వాల్యూమ్‌లో డెలివరీ 25 శాతమైతే నిజంగా ఖాతాలు మారినవి రెండున్నర లక్షలే. ఈ డెలివరీ అంకె మార్కెట్ ముగిశాకే పక్కాగా తేలుతుంది. విదేశీ యాప్‌లలో వాల్యూమ్ మిలియన్లలో ఉంటుంది, 1 మిలియన్ అంటే 10 లక్షలు. మార్కెట్ విలువ 1 ట్రిలియన్ అని ఉంటే లక్ష కోట్లు.

ఒక్క రాత్రిలో 80 శాతం పడిపోయిందా?

2024 అక్టోబరు 25, శుక్రవారం. డాక్టర్ రెడ్డీస్ ఆరు వేలు దాటిన ధర దగ్గర ముగిసింది. సోమవారం, 28న, పదమూడు వందల దరిదాపుల్లో ట్రేడ్ అయింది. ఎవరి డబ్బూ పోలేదు. 5 రూపాయల ముఖ విలువ ఉన్న షేరును రూపాయి షేర్లుగా విడగొట్టారు, ఒక్కటి ఐదయింది. దీన్నే స్ప్లిట్ అంటారు. అదే రోజు రిలయన్స్ కూడా ఒకటికి ఒకటి ఉచితంగా ఇచ్చే బోనస్ లెక్కన సగం ధరకు వచ్చింది. కొత్త షేర్లు డీమ్యాట్‌లో పడేలోపు యాప్ మీ నష్టాన్ని ఎర్రగా చూపిస్తుంది. ఒకట్రెండు రోజులు ఓపిక పట్టాలి.

కంపెనీ విడిపోయినప్పుడు ఇంకా గందరగోళం. 2025 అక్టోబరు 13న టాటా మోటార్స్ 660.75 దగ్గర ముగిసింది. మర్నాడు ప్రత్యేక ప్రీ ఓపెన్‌లో దాని ధర 400గా తేలింది. లారీల వ్యాపారం విలువ అందులోంచి వెళ్లిపోయింది, ఆ షేర్లు నవంబరులో లిస్టయ్యాయి. ఆ నెల రోజులూ చాలా యాప్‌లు 40 శాతం నష్టమన్నట్టే చూపించాయి. ఇలాంటి పెద్ద పతనం కనిపిస్తే అమ్మే బటన్ నొక్కే ముందు ఎన్ఎస్ఈ పేజీలో కార్పొరేట్ యాక్షన్స్ భాగం తెరిచి ఆ తేదీన ఏముందో చూడండి.

పెరుగుదలలోనూ ఇదే తంటా. 2024 అక్టోబరు 29న ఎల్సిడ్ ఇన్వెస్ట్‌మెంట్స్ షేరు 3.53 నుంచి 2,36,250కి వెళ్లింది. ఏళ్లుగా ట్రేడింగ్ దాదాపు లేని షేరు అది. దాని చేతిలో ఉన్న ఏషియన్ పెయింట్స్ వాటా విలువతో పోలిస్తే పాత ధర అర్థం లేనిది. బీఎస్ఈ ప్రత్యేక వేలం పెట్టి కొత్త ధర తేల్చింది. అదేదో ఒక్క రోజు లాభమన్నట్టు లక్షల శాతం లెక్కలు వాట్సాప్‌లో తిరిగాయి. అసలు 3.53కు అమ్మేవాళ్లే లేరు.

చార్టుల్లో పాత ధరలు మామూలుగా స్ప్లిట్, బోనస్‌లకు సరిచేసి ఉంటాయి. యాహూ పట్టికలో క్లోజ్ వరుస స్ప్లిట్లకు సరిచేసింది, అడ్జస్టెడ్ క్లోజ్ డివిడెండ్లను (వాటాదారులకు కంపెనీ పంచిన లాభాన్ని) కూడా తీసేసి లెక్కవేసింది. ఎక్స్ఛేంజీ ప్రతి సాయంత్రం ఇచ్చే భావ్ కాపీలో మాత్రం ఆ రోజు నమోదైన అసలు ధరే ఉంటుంది. పదేళ్ల కిందట ఎంతకు కొన్నారో చూసుకోవాలంటే భావ్ కాపీ కావాలి, పదేళ్లలో ఎంత పెరిగిందో తెలియాలంటే సరిచేసిన చార్టు కావాలి. ఒకదాని అంకెను ఇంకోదాని అంకెలోంచి తీసివేయకూడదు.

పన్ను దగ్గర ఈ పొరపాటుకు ఖరీదు ఎక్కువ. 2018 జనవరి 31 దాకా కొన్న షేర్లు అమ్మితే, ఆ రోజు నమోదైన గరిష్ఠ ధరను కొనుగోలు ధర లెక్కలోకి తీసుకునే వెసులుబాటు ఉంది. పద్ధతి ఇది: ఆ గరిష్ఠ ధర, అమ్మిన ధర, ఈ రెండింటిలో ఏది తక్కువో చూడాలి. దాన్ని అసలు కొన్న ధరతో పోల్చి, ఏది ఎక్కువైతే దాన్ని తీసుకోవాలి. డాక్టర్ రెడ్డీస్‌ను 2015లో కొని ఇప్పుడు అమ్మేవాళ్లు ఆనాటి భావ్ కాపీలోని గరిష్ఠ ధరను 5తో భాగించాలి, ఎందుకంటే అది విడగొట్టకముందు షేరుది. సరిచేసిన చార్టు నుంచి తీసుకుంటే మళ్లీ భాగించకూడదు. 2018 జనవరి 31 తర్వాత వచ్చిన బోనస్ షేర్లకు ఈ వెసులుబాటు లేదు, వాటి కొనుగోలు ధర సున్నా.

ధర కింద కనిపించే పీఈ, అంటే ఒక్కో షేరుకు వచ్చే లాభానికి ధర ఎన్ని రెట్లో చెప్పే అంకె, గురించి ఒక్క మాట. ఒక సైట్‌లో 18, ఇంకో సైట్‌లో 24 అని ఉంటే ఒకటి అనుబంధ సంస్థలతో కలిపి లెక్కవేసిన లాభం మీద, రెండోది ఒక్క మాతృ సంస్థ లాభం మీద వేసింది అయ్యుండొచ్చు. కలిపి వేసినదాన్నే చూడండి. షేరు ధర 50 రూపాయలైతే చవక, లక్ష రూపాయలైతే ఖరీదు అనుకోవడం మాత్రం మానేయాలి. ఎంఆర్ఎఫ్ లక్ష దాటింది విడగొట్టలేదు కాబట్టే. మొత్తం షేర్ల సంఖ్యతో గుణించి మార్కెట్ విలువ చూస్తేనే పోలిక కుదురుతుంది.

తెర మీదున్న ధర అసలుదేనా

వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో లింకు పంపి ఇన్‌స్టాల్ చేయించే ట్రేడింగ్ యాప్‌లలో ధరలు కూడా బొమ్మలే. ఎక్స్ఛేంజీలో లేని ఐపీఓలు (కంపెనీలు తొలిసారి జనానికి అమ్మే షేర్లు), రోజూ పెరిగే లాభం కనిపిస్తాయి. తీసుకోబోతే ముందు పన్ను కట్టమంటారు. ఇది తేల్చుకోవడానికి రెండు నిమిషాలు చాలు. యాప్‌లో కనిపించే షేరు ధరను ఎన్ఎస్ఈ సైట్‌లో అదే నిమిషం చూడండి. కొన్నట్టు చూపిస్తే ఆ సాయంత్రం ఎక్స్ఛేంజీ నుంచి మీ నంబరుకు లావాదేవీ ఎస్ఎంఎస్ వచ్చిందా, బ్రోకర్ నుంచి కాంట్రాక్ట్ నోట్ (లావాదేవీ బిల్లు) మెయిల్‌కు వచ్చిందా చూసుకోండి. మర్నాటికి షేర్లు, వాటిని డీమ్యాట్‌లో భద్రపరిచే సంస్థలైన ఎన్‌ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్ఎల్ సొంత లాగిన్‌లో కనిపించాలి, 2023 జనవరి నుంచి సెటిల్‌మెంట్ ఒక్క రోజులోనే పూర్తవుతోంది. ఈ మూడింటిలో ఏదీ లేకపోతే మీ డబ్బు మార్కెట్‌కు వెళ్లలేదు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, డబ్బు వెళ్లిన ఖాతాను ఆపించగలిగేది మొదటి కొన్ని గంటల్లోనే.